ప్రజారోగ్య చదువుకు స్పానిష్ తోడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ విద్య గురించి మీ పత్రిక చదువుల పుటలో వచ్చే వ్యాసాలను క్రమం తప్పకుండా చదివేవారిలో నేనొకడిని. అమెరికాలో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే మన పిల్లలు ఎంపీహెచ్ అని పిలుచుకునే కోర్సు, చేయదలచినవారు ఏ పరీక్షలు రాయాలి, ఫీజులు ఎంతెంత, వీసా ఇంటర్వ్యూకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి అన్న సంగతులు వాటిలో వివరంగానే ఉంటున్నాయి. అయితే ఆ చదువు పూర్తయ్యాక వీరు ఎవరి మధ్య పనిచేయబోతున్నారో, ఆ ప్రజలు తమ బాధను ఏ భాషలో చెప్పుకుంటారో మాత్రం ఎక్కడా కనబడదు. టెక్సాస్‌లో ఒక కౌంటీ (మన జిల్లా వంటిది) ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్న తెలుగువాడిగా ఈ లోటు గురించి రాయడం అవసరమనిపించింది. నేను చెప్పదలచినది ఒక్కటే. అమెరికాలో ప్రజారోగ్య రంగంలో నిలదొక్కుకోవాలనుకునే మన విద్యార్థులు స్పానిష్‌ను సరదా కోసం నేర్చుకునే విదేశీ భాషగా కాక, గణాంక శాస్త్రంతోనూ వ్యాధి వ్యాప్తి శాస్త్రంతోనూ సమానమైన పాఠ్యాంశంగా భావించి, మన దేశంలో విమానం ఎక్కకముందే మొదలుపెట్టాలి.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఈ కోర్సుకు వస్తున్నవారిలో బీడీఎస్, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివినవారు చాలామంది ఉన్నారు. ఎంబీబీఎస్ పూర్తిచేసి రెసిడెన్సీ, అంటే అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లకిచ్చే పీజీ శిక్షణ, కోసం ఎదురుచూస్తూ మధ్యలో ఇది చదివేవారూ ఉన్నారు. వీరిలో అధికులు శాస్, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని డేటా ఉద్యోగాల వైపు మళ్లుతున్నారు. అది తప్పుదారి ఏమీ కాదు. కానీ బ్యాచ్ మొత్తం ఒకే గుమ్మం దగ్గర బారులు తీరితే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. మరోవైపు కౌంటీ ఆరోగ్య విభాగాల్లోనూ, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, క్షయ, మధుమేహం, మాతాశిశు సంరక్షణ కార్యక్రమాల్లోనూ ప్రకటనలు వెలువడినప్పుడు, ముఖ్యంగా మా రాష్ట్రంలో, అర్హతల వరుసలో స్పానిష్ వచ్చినవారికి ప్రాధాన్యం అన్న మాట పదేపదే కనిపిస్తుంది. మనవాళ్లు ఆ వాక్యం చూసి ఆ ప్రకటనను పక్కన పెట్టేస్తారు. దంతవైద్యం చదివి, పల్లెల్లో నోటి క్యాన్సర్ శిబిరాలు నడిపిన అనుభవం ఉన్న అమ్మాయి, నిజానికి ఎవరికంటే బాగా చేయగల పనిని ఒక్క భాష రానందువల్ల వదులుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ భాష ఎంత విస్తారమైనదో కొన్ని అంకెలు చెబుతాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ లేదా లాటినో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల లేదా లాటిన్ అమెరికా, మూలాలున్నవారు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే మొత్తం జనంలో 18.7 శాతం. టెక్సాస్‌లో ఆ వాటా 39.3 శాతం. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు దేశం మొత్తం మీద 4 కోట్లు దాటారు. వీరందరికీ ఇంగ్లిష్ రాదని కాదు. సగానికి పైగా ఇంగ్లిష్ చక్కగా మాట్లాడతారు. అయితే ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవారు అన్ని భాషలవారినీ కలిపి దేశంలో సుమారు రెండున్నర కోట్లు ఉంటే, వారిలో అత్యధికులు స్పానిష్ మాట్లాడేవారే. పేదలకు, బీమా లేనివారికి వైద్యం అందించే ప్రభుత్వ సాయంతో నడిచే ఆరోగ్య కేంద్రాలకు ఏటా 3 కోట్ల మందికి పైగా వస్తుంటారు. వారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇంగ్లిష్ కాకుండా మరో భాషలో మాట్లాడితేనే సరిగా వైద్యం అందుతుంది.

ప్రజారోగ్యంలో భాషకు ఇంత పట్టింపు ఎందుకు వచ్చిందో తెలియాలంటే లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రిలో 1970ల తొలినాళ్లలో జరిగిన దానిని గుర్తుచేసుకోవాలి. ప్రసవానికి వచ్చిన మెక్సికో మూలాల స్త్రీల చేత, నొప్పులు పడుతున్న సమయంలోనే, వారు చదవలేని ఇంగ్లిష్ పత్రాల మీద సంతకాలు చేయించి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తమకు ఇక పిల్లలు పుట్టరన్న సంగతి కొందరికి చాలాకాలం తర్వాత గాని తెలియలేదు. ఆసుపత్రిలోనే పనిచేస్తున్న ఒక యువ వైద్యుడు రహస్యంగా ఆధారాలు సేకరించి బయటపెట్టగా, పదిమంది స్త్రీలు 1975లో ఫెడరల్ కోర్టుకెక్కారు. వారి తరఫున వాదించిన లాయర్లలో ఆంతోనియా ఎర్నాందెస్ అప్పుడే న్యాయవాద వృత్తిలోకి అడుగుపెట్టిన యువతి. మాడ్రిగల్ వర్సెస్ క్విలిగన్‌గా పేరుపొందిన ఆ కేసులో 1978లో తీర్పు స్త్రీలకు వ్యతిరేకంగా వచ్చింది. వైద్యులకు దురుద్దేశం లేదని, రోగులకు వైద్యులకు మధ్య మాట అందకపోవడమే దీనికంతటికీ మూలమని న్యాయమూర్తి అన్నారు. మాట అందకపోవడం అన్నది ఎవరి తప్పూ కాని వర్షాభావం లాంటిదన్నట్టు ఉందా తీర్పు. కేసు ఓడినా ఆ స్త్రీల పోరాటం వృథా కాలేదు. సమ్మతి పత్రాలు రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని, సంతకానికి ఆపరేషన్‌కు మధ్య ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని నిబంధనలు వచ్చాయి. నేడు ప్రజారోగ్య తరగతి గదుల్లో నైతికత గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదంతం ప్రస్తావనకు వస్తుంది. మన విద్యార్థులు దానిని పరీక్ష కోసం చదివి వదిలేయకుండా, రేపు తాము సమ్మతి పత్రం పట్టుకుని ఒక తల్లి ఎదుట నిలబడినప్పుడు ఏ భాషలో మాట్లాడతామన్న ప్రశ్న వేసుకోవాలని నా కోరిక.

చట్టం కూడా ఈ దిశలోనే నడిచింది. ప్రభుత్వ నిధులు పుచ్చుకునే సంస్థలు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం చెబుతుంది. భాష రాదన్న కారణంతో సేవ నిరాకరించడం కూడా అటువంటి వివక్షేనన్న అవగాహన 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన లౌ వర్సెస్ నికల్స్ తీర్పుతో బలపడింది. ఆ కేసు వేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా మూలాల పిల్లల కుటుంబాలు. 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 1557వ సెక్షన్ కింద 2016లో వచ్చిన నియమాలు మరింత స్పష్టంగా, అర్హత గల దుభాషిని రోగికి ఉచితంగా ఏర్పాటు చేయాలని, అత్యవసర పరిస్థితిలో తప్ప మైనర్ పిల్లల చేత అనువాదం చెప్పించరాదని నిర్దేశించాయి. అమ్మకు గర్భాశయ వ్యాధి ఉందన్న మాటను పదేళ్ల కొడుకు చేత చెప్పించడం ఎంత దారుణమో ఆలోచిస్తే ఈ నియమం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది.

ఇక్కడే నేను కొంచెం ఆగి, స్పానిష్ నేర్చుకోమని చెబుతున్న నేనే ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. అరకొరగా వచ్చిన భాష, అసలు రాకపోవడం కంటే ఎక్కువ హాని చేయగలదు. గ్లెన్ ఫ్లోరెస్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మసాచుసెట్స్‌లోని రెండు పిల్లల అత్యవసర విభాగాల్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలతో జరిగిన 57 సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. శిక్షణ పొందిన దుభాషి ఉన్నప్పుడు దొర్లిన తప్పుల్లో వైద్యంపై ప్రభావం చూపగలిగినవి 12 శాతం. బంధువో, పక్కనున్న ఉద్యోగో అనువదించినప్పుడు అవి 22 శాతం. అసలు దుభాషే లేనప్పుడు 20 శాతం. అంటే తెలిసీ తెలియని మనిషి మధ్యలో నిలబడటం వల్ల ఒరిగిందేమీ లేదు. వృత్తి దుభాషుల్లోనూ 100 గంటలు, అంతకు మించి శిక్షణ పొందినవారి విషయంలో ఆ వాటా 2 శాతానికి పడిపోయింది. ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, రెండు సెమిస్టర్లు స్పానిష్ చదివిన విద్యార్థి రోగికి నమస్కారం చెప్పి, కూర్చోబెట్టి, భయం పోగొట్టి, ఇంటి వివరాలు అడగవచ్చు. మందు మోతాదు, శస్త్రచికిత్స సమ్మతి, క్యాన్సర్ కబురు వంటివి వచ్చినప్పుడు నోరు మూసుకుని దుభాషిని పిలవాలి. తన భాష ఎక్కడ చాలదో తెలుసుకుని ఆగిపోవడం కూడా ఆ భాషా శిక్షణలో భాగమే, అదీ చాలా ముఖ్యమైన భాగం.

అలాగైతే దుభాషులే ఉన్నారు కదా, మళ్లీ నేర్చుకోవడం ఎందుకని అడిగేవారుంటారు. వైద్యుడి గదికీ ప్రజారోగ్య కార్యకర్త తిరిగే వీధికీ తేడా ఉంది. వైద్యుడి దగ్గరకు రోగి వస్తాడు. దుభాషిని ఫోన్లోనో వీడియోలోనో పిలిపించే ఏర్పాటు అక్కడ ఉంటుంది. ప్రజారోగ్యంలో మనమే ప్రజల దగ్గరకు వెళ్లాలి. క్షయ రోగి ఎవరెవరితో ఒకే గదిలో పడుకుంటున్నాడో అడగాలి. చర్చి ఆవరణలో, కిరాణా దుకాణం ముందు, ఇళ్లు కడుతున్న చోట నిలబడి టీకా గురించి చెప్పాలి. 2020లో కోవిడ్ మాంసం ప్యాకింగ్ కర్మాగారాల్లో వ్యాపించినప్పుడు, ఆ కూలీల్లో ఎందరో స్పానిష్ మాట్లాడేవారే. ఎవరిని కలిశావు, ఎవరితో కలిసి వాహనంలో వచ్చావు అని ఫోన్‌లో అడగవలసిన పరిస్థితి అది. వలస అనుమతి పత్రాలు లేని కూలీ తన పక్క గదివాడి పేరు చెప్పాలంటే ముందుగా అవతలి గొంతు మీద నమ్మకం కుదరాలి. మూడో మనిషి లైన్లో ఉన్నప్పుడు ఆ నమ్మకం కుదరడం కష్టం.

స్పానిష్‌ను ప్రజారోగ్యంతో కలిపి నేర్చుకోవాలని నేను అనడానికి కారణం కూడా ఇదే. పర్యాటకుల కోసం రాసిన పాఠాలు, హోటల్లో గది అడగడం, రైలు వేళలు కనుక్కోవడం, ఈ పనికి చాలవు. శరీర భాగాల పేర్ల జాబితా బట్టీపట్టడమూ చాలదు. మధుమేహాన్నే తీసుకోండి. అమెరికాలో పెద్దలకు జీవితకాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం సగటున 40 శాతం కాగా, హిస్పానిక్ ప్రజల్లో అది 50 శాతం పైనే అని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, చెబుతోంది. చక్కెర జబ్బుతో వచ్చిన మెక్సికన్ గృహిణికి తోర్తియాలు, అంటే వారు రోజూ తినే రొట్టెలు, మానేయమని ఒక్కమాటతో చెప్పి పంపించడం, మన గోదావరి జిల్లాల పెద్దాయనకు అన్నం మానేయమని చెప్పడమే. ఆయన తలూపుతాడు, ఇంటికి వెళ్లి అన్నమే తింటాడు. ఏ పిండితో చేస్తారు, పూటకు ఎన్ని తింటారు, చిక్కుడు గింజలు పందికొవ్వులో వేయిస్తారా నూనెలోనా, పండుగనాడు ఏం వండుతారు, శీతల పానీయం రోజుకు ఎంత తాగుతారు అని అడిగి, ఆ జవాబుల్లో నుంచే దారి వెతకాలి. అడగటానికి భాష కావాలి, ఏం అడగాలో తెలియడానికి పోషకాహార శాస్త్రం కావాలి. వీటిని వేర్వేరు తరగతి గదుల్లో వేర్వేరు సంవత్సరాల్లో నేర్పితే, రోగి ఎదుట నిలబడిన క్షణంలో అవి కలిసి రావు. మనకు మధుమేహం కొత్త కాదు గనుక, ఈ విషయంలో తెలుగు విద్యార్థికి ఇతరులకంటే ఎక్కువ అవగాహన ఉంటుందనీ అనుకుంటాను.

సర్వేల సంగతీ అంతే. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార పరిశీలన సర్వే ఇంటర్వ్యూలు ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ జరుగుతాయి. బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగోల్లో 16,000 మందికి పైగా హిస్పానిక్ పెద్దలను చేర్చుకుని 2008లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక అధ్యయనం ఒకటుంది. మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా మూలాలవారిని విడివిడిగా చూస్తే తప్ప వారి ఆరోగ్యం గురించి సరైన చిత్రం రాదని ఆ అధ్యయనం తేటతెల్లం చేసింది. డేటా ఉద్యోగమే చేస్తాను, జనంతో నాకు పనిలేదు అనుకునే విద్యార్థి కూడా, తాను లెక్కగడుతున్న జవాబులు ఏ ప్రశ్నకు, ఏ భాషలో వచ్చాయో తెలుసుకుంటే తన లెక్కను తానే మెరుగ్గా శంకించగలుగుతాడు.

మా సరిహద్దు ప్రాంతం దీనికి పెద్ద బడి వంటిది. టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆరోగ్య విజ్ఞాన కేంద్రం హ్యూస్టన్‌లో నడిపే ప్రజారోగ్య కళాశాలకు ఎల్‌పాసోలోనూ, రియో గ్రాండే నది ముఖద్వారానికి దగ్గరలోని బ్రౌన్స్‌విల్‌లోనూ ప్రాంగణాలున్నాయి. బ్రౌన్స్‌విల్ పరిశోధకులు 2004 నుంచి కేమరాన్ కౌంటీలోని మెక్సికో మూలాల కుటుంబాలను వెన్నంటి పరిశీలిస్తూ, ఊబకాయం, మధుమేహం, కాలేయ వ్యాధుల తీరును నమోదు చేస్తున్నారు. అక్కడ ఇంటింటికీ తిరిగేవారిని ప్రొమొతోరాలంటారు. మన ఆశా కార్యకర్తలను చూసినవారికి వీరిని పరిచయం చేయనవసరం లేదు. అదే వీధిలో ఉంటారు, అందరికీ పేర్లతో తెలుసు, బీపీ చూస్తారు, డాక్టరు దగ్గరకు తోడు వెళతారు. టెక్సాస్ రాష్ట్ర ఆరోగ్య శాఖ వీరికి శిక్షణ ఇప్పించి ధ్రువపత్రం ఇస్తుంది. మన దగ్గర ఆశాలతో కలిసి పనిచేసిన ఆరోగ్య పట్టభద్రులు ప్రొమొతోరాల బృందాన్ని నడపగల అనుభవం ఉన్నవారే. కాకపోతే ఆ బృందం సమావేశమంతా స్పానిష్‌లో జరుగుతుంది. మరో ఏర్పాటు కూడా చెప్పుకోదగ్గది. అమెరికాలోని మెక్సికో కాన్సులేట్లలో పాస్‌పోర్టు పనిమీద వచ్చిన తమ పౌరులకు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసి, దగ్గరలోని ఆసుపత్రుల వివరాలు చెప్పే ఆరోగ్య కిటికీలు ఉంటాయి. ప్రజారోగ్య విద్యార్థులు అక్కడ సేవచేస్తూ నేర్చుకోవచ్చు.

స్పానిష్ అంటే కూలీల భాష, వైద్య విజ్ఞానానికి ఇంగ్లిష్ ఉంటే చాలు అనే చిన్నచూపు మనవారిలో కొందరికి ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి 16 ఏళ్ల ముందే, 1881లో, హవానా విజ్ఞాన అకాడమీలో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే ఎల్లో ఫీవర్‌ను దోమ మోసుకెళుతుందని స్పానిష్‌లో ప్రకటించారు. దానిని నిర్ధారించడానికి అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం 1900లో క్యూబా వెళ్లే వరకూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆరోగ్య రంగంలో అమెరికా ఖండాల దేశాలన్నీ కలిసి 1902లో వాషింగ్టన్‌లో ఏర్పాటు చేసుకున్న సంస్థ, నేటి పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్, తన పత్రాలను ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్‌లోనూ వెలువరిస్తుంది. డెంగీ మీద, చాగస్ వ్యాధి మీద దక్షిణ అమెరికా దేశాలు చేసిన పనిని మూలంలో చదవగలగడం పరిశోధకుడికి చిన్న లాభం కాదు.

అయితే స్పానిష్ ఒక్కటీ వస్తే లాటిన్ అమెరికా వలస ప్రజలందరినీ చేరుకున్నట్టే అనుకోవడమూ పొరపాటే. కాలిఫోర్నియా పొలాల్లో స్ట్రాబెర్రీలు, ద్రాక్ష కోసే కూలీల్లో మెక్సికోలోని వహాకా నుంచి వచ్చిన మిష్టెక్, జపోటెక్, త్రికీ భాషలవారు ఉన్నారు. గ్వాతెమాలా నుంచి వచ్చినవారిలో మామ్, కిచే వంటి మాయా భాషలవారు ఎందరో. వారికి స్పానిష్ కూడా పరాయి భాషే. రికార్డుల్లో వారిని హిస్పానిక్ అని రాసి, స్పానిష్ దుభాషిని కూర్చోబెట్టి, వారు మొహమాటంగా తలూపితే అర్థమైందని సరిపెట్టుకునే సందర్భాలు ఉంటాయి. ఆదిలాబాద్‌లో గోండి, పాడేరులో కువి, సీతంపేటలో సవర మాట్లాడే తల్లులు తెలుగు డాక్టరు ముందు ఎలా కూర్చుంటారో చూసినవారికి ఇది వెంటనే తట్టాలి. తడుతుందో లేదో తెలియదు గాని.

నేర్చుకోవడం ఎంత కష్టమన్నది తర్వాతి ప్రశ్న. దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే అమెరికా ప్రభుత్వ సంస్థ, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు వృత్తిపరంగా మాట్లాడే స్థాయికి చేరడానికి స్పానిష్‌కు సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని అంచనా వేస్తుంది. రోజుకు గంట చొప్పున చూస్తే దాదాపు రెండేళ్లు, అంటే సరిగ్గా ఒక ఎంపీహెచ్ కాలం. తెలుగువారికి కొన్ని సౌకర్యాలూ ఉన్నాయి. స్పానిష్ చాలావరకు రాసినట్టే పలుకుతుంది. అందులోని త, ద ధ్వనులు ఇంగ్లిష్ వారికి నాలుక తిరగవు గాని మనకు అలవాటైనవే. పెద్దలను మన్నించి, చిన్నవారిని చనువుగా పిలవడానికి మనకున్నట్టే వారికీ వేర్వేరు రూపాలున్నాయి. కర్తను చెప్పకపోయినా క్రియ చివర చూసి ఎవరు చేశారో తెలిసిపోయే పద్ధతి కూడా మనదే. కష్టమల్లా నిర్జీవ వస్తువులకు సైతం స్త్రీ, పురుష లింగాలు అంటగట్టడం దగ్గర, కోరికనూ సందేహాన్నీ చెప్పే క్రియారూపాల దగ్గర వస్తుంది. గుంటూరు వాళ్లు హిందీలో ఏ తిప్పలు పడ్డారో ఇక్కడా అవే పడతారు.

యంత్రానువాదం వచ్చింది కదా అనే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దాని నాణ్యత ఏటేటా పెరుగుతోంది. అపాయింట్‌మెంట్ తేదీ చెప్పడానికి దానిని వాడటంలో తప్పులేదు. కానీ 2024లో సవరించిన అమెరికా నియమాలు, రోగి హక్కులకు, చికిత్సకు సంబంధించిన కీలకమైన పాఠాన్ని యంత్రం అనువదిస్తే అర్హత గల మనిషి దానిని సరిచూడాలని ఆదేశిస్తున్నాయి. సరిచూడటానికి ప్రజారోగ్యమూ, రెండు భాషలూ తెలిసిన మనుషులే కావాలి. పురుగుమందుల డబ్బాల మీద జాగ్రత్తలను స్పానిష్‌లోనూ ముద్రించాలని 2022లో చేసిన చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. ఆ కొద్ది వాక్యాల్లో ఒక్క అంకె తారుమారైనా పొలంలో కూలీ ప్రాణం మీదకు వస్తుంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం రాజకీయ వాతావరణానిది. 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ, ఇంగ్లిష్ రానివారికి ప్రభుత్వ సేవలు అందేలా చూడాలని 2000 సంవత్సరంలో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేశారు. అదే నెల చివర ఆరోగ్య శాఖలో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. ప్రజారోగ్య ఉద్యోగాలు తగ్గాయన్నది నిజం. దాచవలసిన అవసరం లేదు. స్పానిష్ వస్తే వీసా వస్తుందని గాని, ఓపీటీ, అంటే చదువు తర్వాత కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి, గడువు పెరుగుతుందని గాని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయినా 1964 చట్టమూ 1557వ సెక్షనూ కార్యనిర్వాహక ఉత్తర్వుతో రద్దయ్యేవి కావు. చట్టం ఏమన్నా అనకపోయినా, ఆసుపత్రికి వచ్చే రోగుల భాష ఉత్తర్వుతో మారదు. ఉద్యోగాలు తగ్గినప్పుడు ఒకే మనిషి రెండు పనులు చేయగలగడం చూసే ఎంపిక చేస్తారన్నది ఇక్కడ నేను కళ్లారా చూస్తున్నది. రెసిడెన్సీకి దరఖాస్తు చేసే డాక్టర్లకు కూడా, దరఖాస్తులోనే ఏయే భాషలు ఏ స్థాయిలో వచ్చో ప్రకటించే భాగం ఉంటుంది. అక్కడ గొప్పకు రాసుకుంటే ఇంటర్వ్యూలో బయటపడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ చదువుకు హైదరాబాద్‌కు మించిన చోటు దేశంలో అరుదు. తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ విభాగం ఉంది. అదే నగరంలో భారతీయ ప్రజారోగ్య సంస్థ 2008 నుంచి పనిచేస్తోంది. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ప్రజారోగ్యంలో పీజీ నడుపుతోంది. ఈ మూడూ కూడబలుక్కుని, స్పానిష్ అధ్యాపకుడూ ప్రజారోగ్య అధ్యాపకుడూ ఒకే తరగతిలో నిలబడి చెప్పే కోర్సు ఒకటి మొదలుపెడితే చాలు. కొత్త భవనాలు అక్కరలేదు. వరంగల్‌లోని కాళోజీ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు దానిని ఆన్‌లైన్‌లో తమ విద్యార్థులకు అందించవచ్చు. పాఠాలు రోగి చరిత్ర తీసుకోవడం, టీకా గురించి వివరించడం, గర్భిణికి ఆహారం చెప్పడం, సర్వే ప్రశ్నాపత్రం చదవడం చుట్టూ సాగాలి. స్పెయిన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ ఢిల్లీ కేంద్రంగా నిర్వహించే డెలే పరీక్ష రాసి, బీ1, అంటే మధ్యస్థ, స్థాయి ధ్రువపత్రంతో విమానం ఎక్కిన విద్యార్థికి మిగతా భాష అక్కడి జనమే నేర్పుతారు. అయితే ఆ పరీక్షకు సిద్ధమయ్యేటప్పుడు స్పెయిన్ ఉచ్చారణకే పరిమితం కాకుండా, మెక్సికో, మధ్య అమెరికా యాసలు చెవికి అలవాటయ్యేలా అక్కడి రేడియో వార్తలు వినడం మేలు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. మీ పిల్లల దగ్గరకు వచ్చి ఆరునెలలు ఉండే మీకు అమెరికా ఆసుపత్రిలో తెలుగు దుభాషిని అడిగే వీలు కలిగిందంటే, దాని వెనుక స్పానిష్, చైనీస్ మాట్లాడే ప్రజలు దశాబ్దాలుగా చేసిన పోరాటం ఉంది. ఇంత కాలమైనా తెలుగులో అర్హత గల వైద్య దుభాషులు కొరతగానే ఉన్నారు. చాలా ఇళ్లలో ఆ పని కోడలో మనవడో చేస్తున్నారు. వైద్య దుభాషుల గుర్తింపు పరీక్షలకు కనీసం 40 గంటల శిక్షణ తప్పనిసరి. మౌఖిక పరీక్ష స్పానిష్‌లో ఉంది, తెలుగులో లేదు. కానీ గోప్యత, పక్షపాతం లేకుండా చెప్పడం, తనకు తెలియని చోట ఆపి అడగడం వంటివి నేర్పే ఆ శిక్షణ ఏ భాషకైనా ఒకటే. మౌఖిక పరీక్ష లేని భాషలవారికి రాత పరీక్ష మీద ఇచ్చే ప్రాథమిక గుర్తింపు కూడా ఉంది. స్పానిష్ కోసం ఆ శిక్షణ తీసుకున్న తెలుగు విద్యార్థి, అదే అర్హతతో ఆ రాత పరీక్ష రాసి, తెలుగు పెద్దల పక్కన కూడా దుభాషిగా కూర్చోవచ్చు.

ఇట్లు,
కౌంటీ ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్న ఒక పాఠకుడు,
టెక్సాస్, అమెరికా